పెదబయలు చలికి... గచ్చు కింద వేడినీళ్లు!

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఇన్‌స్టా నిండా లంబసింగి మంచే. తెల్లవారుజామున కారు దిగడం, నోట్లోంచి పొగ వదలడం, చలిమంట దగ్గర ఒక రీల్, వేడివేడి టీతో ఒక సెల్ఫీ. తొమ్మిదింటికల్లా ఎండ వస్తుంది, పదింటికి అందరూ కొండ దిగిపోతారు. బాగుంది. కానీ ఆ కొండల్లోనే ఉండేవాళ్లకి చలి అంటే పొద్దుటి మంచు కాదు, రాత్రి గచ్చు. పాడేరు నుంచి ముంచంగిపుట్టు వెళ్లే దారిలో ఉన్న పెదబయలు అలాంటి చోటే. అల్లూరి సీతారామరాజు జిల్లాలో డిసెంబరు, జనవరి రాత్రుళ్లు పాదరసం సింగిల్ డిజిట్‌కి పడిపోవడం అక్కడ వార్తే కాదు. ఆ చలిలో చాప పరుచుకుని నేల మీద పడుకునే ఇళ్లు ఎన్నో.

మరి నేలనే వేడి చేస్తే?

నవ్వకండి. ప్రపంచంలో కోట్ల మంది అలాగే పడుకుంటున్నారు. మీరు చూసే కొరియన్ సీరియళ్లలో హీరో హీరోయిన్లు బయట మంచు కురుస్తుంటే ఇంట్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని నూడుల్స్ తింటారు కదా, ఎప్పుడైనా డౌటొచ్చిందా? వాళ్ల గచ్చు కింద వేడినీళ్ల పైపులుంటాయి.

పొగ పోయింది... దాంతో పాటు వెచ్చదనం కూడా

ముందు ఏజెన్సీ ఇల్లు ఎలా ఉండేదో చూద్దాం. మట్టి గోడలు, పైన గడ్డి కప్పో నాటు పెంకో, ఎర్రమట్టి, పేడ కలిపి అలికిన నేల. ఇంట్లోనే పొయ్యి. పొయ్యి పైన అటక, ఆ అటక మీద మొక్కజొన్న కంకులు, విత్తనాలు పొగకి ఆరుతూ పురుగు పట్టకుండా ఉండేవి. రాత్రికి ఆ పొయ్యి చుట్టూనే పడక. మట్టి గోడ పగలంతా, సాయంత్రమంతా పీల్చుకున్న వేడిని రాత్రి మెల్లగా వదిలేది. గడ్డి కప్పు ఆ వేడిని పైకి పోనిచ్చేది కాదు. ఒక రకంగా ఆ ఇల్లే ఒక హీటర్. అందుకు కట్టిన మూల్యం పొగ. కళ్లు మండటం, దగ్గు, ఊపిరితిత్తుల జబ్బులు... అవన్నీ ఎక్కువగా ఆడవాళ్ల మీద, చంటిపిల్లల మీద పడేవి.

తర్వాత పక్కా ఇల్లు వచ్చింది, గ్యాస్ వచ్చింది. రెండూ మంచివే, ఆ మాటలో అనుమానం లేదు. కానీ సిమెంటు గోడ పలచన, రేకు మరీ పలచన. కింద గచ్చు, డబ్బున్నవాళ్లకి టైల్స్. పొయ్యి ఇంట్లోంచి పోవడంతో పొగ పోయింది, రాత్రి వెచ్చదనం కూడా పోయింది. ఆ ఖాళీని ఏం నింపాలో పక్కా ఇంటి ప్లాను గీసినవాళ్లు ఆలోచించలేదు. పల్లపు ఊళ్లకి, కొండ ఊళ్లకి ఒకే ప్లాను!

గచ్చు ఎందుకంత జివ్వుమంటుంది? మన అరికాలు సుమారు 30 డిగ్రీలు ఉంటుంది, తెల్లవారుజామున గచ్చు 14, 15 ఉంటుంది. చెక్క, చాప, అలికిన మట్టి మన వేడిని నెమ్మదిగా లాగుతాయి, సిమెంటూ టైలూ గబగబా లాగేస్తాయి. అందుకే ఒకే గదిలో చెక్క పీట వెచ్చగా, పక్కనే గచ్చు ఐసులా అనిపిస్తాయి. నిజానికి రెండింటి టెంపరేచరూ ఒకటే. పైన ఎన్ని రగ్గులు కప్పుకున్నా కింద పలచటి చాపే ఉంటే, వీపు మీంచి వేడి భూమిలోకి పోతూనే ఉంటుంది.

చలికి తట్టుకోలేక చాలామంది చేసే పని ఒకటుంది. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకోవడం. దయచేసి ఇది మాత్రం ఎవరూ చేయొద్దు. బొగ్గు బాగా రాజుకున్నాక పొగ కనిపించదు, అందుకే ప్రమాదం లేదనుకుంటారు. కానీ అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత లేవలేరు. ప్రతి చలికాలం మన దేశంలో ఎక్కడో ఒకచోట ఒకే గదిలో కుటుంబం మొత్తం చనిపోయిందన్న వార్త చదువుతూనే ఉంటాం. నేలని వేడి చేసే టెక్నాలజీ కథ కూడా సరిగ్గా ఈ విషవాయువు దగ్గరే మలుపు తిరిగింది.

కొరియా నేర్చుకున్న పాఠం

రోమన్లు 2000 ఏళ్ల కిందటే స్నానశాలల నేలని స్తంభాల మీద ఎత్తుగా కట్టి, కిందనుంచి మంట వేడి పోనిచ్చేవాళ్లు. మన కశ్మీర్‌లో మసీదుల్లో, పెద్ద ఇళ్లలో హమామ్ అనే గది ఉంటుంది. రాతి పలకల నేల, దాని కింద కట్టెల మంట. శీతాకాలంలో ఇల్లంతా ఆ ఒక్క గదిలోకే చేరుతుంది. కొరియాలో దీన్ని 'ఒందోల్' అంటారు. వంటింటి పొయ్యి పొగ పక్క గది నేల కింద రాళ్ల మధ్య దారుల్లోంచి సాగి అవతలి గొట్టంలోంచి బయటికి పోతుంది. వంటకి పెట్టిన మంటే పడకకీ పనికొచ్చింది. తెలివంటే అది.

తర్వాత కొరియా ఊళ్లలో కట్టెల బదులు బొగ్గు బిళ్లలు వచ్చాయి. నేల ఎక్కడైనా కాస్త పగిలితే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా పడకగదిలోకి వచ్చేది. 1960, 70 దశకాల్లో ఇలా చాలామంది నిద్రలోనే పోయారు. అప్పుడు వాళ్లు నేలని వేడి చేయడం మానలేదు. మంటని ఇంట్లోంచి బయటికి పంపేశారు. బాయిలర్ బయట, నేల కింద వేడినీళ్ల పైపు మాత్రమే. పైపు పగిలితే నేల తడుస్తుంది, అంతే. మనిషి పోడు. ఇవాళ అక్కడి అపార్ట్‌మెంట్లన్నీ దాదాపు ఈ పద్ధతే.

అమెరికాలో దీనికి పేరు తెచ్చినవాళ్లలో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఒకడు. జపాన్‌లో ఒక కొరియన్ తరహా గదిలో కూర్చున్నప్పుడు ఆ వెచ్చదనం ఆయనకి తెగ నచ్చేసింది. 1937లో విస్కాన్సిన్‌లో కట్టిన జేకబ్స్ ఇంటి నేల కింద పైపులు వేయించాడు.

న్యూజెర్సీ బావగారి బేస్‌మెంట్

ఇప్పుడు అక్కడున్న మనవాళ్ల సంగతి. న్యూజెర్సీ, మసాచుసెట్స్ లాంటి చోట్ల పాత ఇళ్లలో చాలావాటికి బాయిలర్ ఉంటుంది. గోడల వెంట రేడియేటర్లలో వేడినీళ్లు తిరుగుతాయి. ఇంటిని 'జోన్లు'గా విడదీస్తారు. కింద ఒక జోన్, మేడ మీద ఒక జోన్, దేని థర్మోస్టాట్ దానిదే. బేస్‌మెంట్‌ని పిల్లల గదిగా మార్చినప్పుడో, కొత్తగా ఒక గది కలిపినప్పుడో, ఉన్న బాయిలర్‌కే ఇంకో జోన్ కలిపి నేల కింద పైపులు వేయించుకుంటారు.

వినడానికి టీ జాయింట్ పెట్టి పైపు లాగినంత ఈజీగా ఉంటుంది. అసలు తిరకాసు నీళ్ల వేడిలో ఉంది. రేడియేటర్లకి వెళ్లే నీళ్లు 70, 80 డిగ్రీలు ఉంటాయి. అవే నీళ్లు నేలలోకి వదిలితే కాళ్లు పెట్టలేం, గచ్చు బీటలు వారుతుంది, చెక్క ఫ్లోరైతే వంకర్లు పోతుంది. నేల పైభాగం 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణం. అందుకు పైపులో నీళ్లు 35 నుంచి 45 మధ్య ఉంటే చాలు. కాబట్టి మధ్యలో ఒక మిక్సింగ్ వాల్వ్ పెడతారు. నేలలో తిరిగి చల్లబడి వచ్చిన నీళ్లని బాయిలర్ నుంచి వచ్చే మరిగే నీళ్లలో కలిపి, సరిపడా గోరువెచ్చన చేసి మళ్లీ నేలలోకి పంపుతుంది. మనం స్నానానికి బకెట్లో చన్నీళ్లు తొణికించుకుంటాం చూడండి, అదే పని ఆగకుండా చేసే వాల్వ్ అన్నమాట.

ఇంకో చిక్కు బాయిలర్ వైపు ఉంది. పాతకాలపు పోత ఇనుము బాయిలర్లోకి నీళ్లు మరీ చల్లగా తిరిగి వస్తే, సుమారు 55 డిగ్రీల కంటే తక్కువైతే, పొగలోని తేమ లోపలే నీరై యాసిడ్‌లా తుప్పు పట్టిస్తుంది. కొత్త కండెన్సింగ్ బాయిలర్లకి మాత్రం చల్లటి నీళ్లు తిరిగి వస్తేనే లాభం, గ్యాస్ ఆదా. అందుకే 'నా ఫ్రెండ్ ఇంట్లో ఇలాగే చేశారు' అని కాపీ కొట్టడం కుదరదు. ముందు మీ బాయిలర్ ఏ రకమో చూడాలి, కొత్త గదికి ఇవ్వగలిగినంత వేడి దాని దగ్గర మిగులు ఉందో లేదో లెక్కేయాలి.

మిగతాదంతా ఓపిక పని. నేల మీద గట్టి థర్మాకోల్ లాంటి ఫోమ్ షీట్, దాని మీద ప్లాస్టిక్ పైపు చుట్టలు, దాని మీద రెండంగుళాల కాంక్రీట్. ఒక్కో చుట్ట 90, 100 మీటర్లు దాటకూడదు, దాటితే చివరి కొసకి వేడి అందదు. చుట్టలన్నీ ఒక మానిఫోల్డ్ దగ్గర కలుస్తాయి. థర్మోస్టాట్ చలి అనగానే జోన్ వాల్వ్ తెరుచుకుంటుంది, పంప్ తిరుగుతుంది. నేల తవ్వడం కుదరని మేడ గదికైతే కింది సీలింగ్ విప్పి, చెక్క దూలాల మధ్య అల్యూమినియం ప్లేట్లతో పైపుని పై ఫ్లోరుకి అంటించేస్తారు.

ఇది ఏసీలా బటన్ నొక్కగానే పనిచేసేది కాదని కూడా తెలుసుకోవాలి. గచ్చు వేడెక్కడానికి గంటలు పడుతుంది, చల్లారడానికీ అంతే. ఆఫీసుకెళ్తూ ఆపి, వచ్చి ఆన్ చేద్దామనుకుంటే నిద్రపోయే వేళకి వెచ్చబడుతుంది.

అదే పని పెరటి బాయిలర్‌తో?

బాయిలర్ అనగానే మనకి గుర్తొచ్చేది వేరే. మధ్యలో గొట్టం, అందులో చితుకులు, బొగ్గులు, చుట్టూ నీళ్లు. స్నానాల కోసం పెరట్లో పెట్టుకునే రాగి బాయిలరో ఇనుప బాయిలరో. దాంతో పెదబయల్లో ఒక గది గచ్చుని వేడి చేయొచ్చా? లెక్కేద్దాం. ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయండి.

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గది. అంటే 9.3 చదరపు మీటర్లు. ఆరంగుళాలకి, అంటే 15 సెంటీమీటర్లకి ఒక వరుస చొప్పున పైపు పరిస్తే 62 మీటర్లు పడుతుంది. ఒక్క చుట్ట సరిపోయింది. 16 మిల్లీమీటర్ల పైపు మొత్తంలో పట్టే నీళ్లు 7 లీటర్లు. అంతే, ఒక చిన్న బకెట్! నీళ్లు ఖర్చు కావు కూడా, అవే తిరుగుతుంటాయి.

చదరపు మీటరుకి 60 వాట్ల వేడి ఇస్తే గది మొత్తానికి 560 వాట్లు. ఎనిమిది గంటల రాత్రికి నాలుగున్నర యూనిట్లు. ఎండిన కట్టె కిలోకి సుమారు నాలుగు యూనిట్ల వేడి ఉంటుంది. బాయిలర్ అందులో సగమే నీళ్లకి ఇచ్చిందనుకున్నా రాత్రికి రెండుంపావు కిలోలు, తడి కట్టెలకి ఇంకో కిలో కలుపుకోండి. కాఫీ తోటల్లో నీడకి వేసిన సిల్వర్ ఓక్ కొమ్మలు నరికినప్పుడు వచ్చే పుల్లలు చాలు. అయితే ఆ పుల్లలు మోసుకొచ్చేది ఎవరు అన్న ప్రశ్న కూడా లెక్కలోదే.

సోలార్ వాటర్ హీటర్ ఉంటే? 100 లీటర్ల నీళ్లు 60 డిగ్రీల నుంచి 35కి చల్లారే లోపు దాదాపు 3 యూనిట్ల వేడి ఇస్తాయి. అంటే ఐదు గంటల వెచ్చదనం. పొద్దున మంచు కమ్మినా, అది విడిపోయాక కొండల్లో చలికాలం ఎండ బాగానే కాస్తుంది.

ఇక్కడ గచ్చు మనకి ఒక సాయం చేస్తుంది. రెండంగుళాల కాంక్రీట్ పొర ఆ గదిలో సుమారు 1,100 కిలోలు ఉంటుంది. దాన్ని పది డిగ్రీలు వేడెక్కించడానికి మూడు యూనిట్లు కూడా పట్టవు. సాయంత్రం స్నానాల వేళకే బాయిలర్ వెలిగించి నేలకి వేడి పట్టించేస్తే, రాత్రి మంట అవసరం లేదు. నిద్రపట్టే వేళకి వెచ్చగా ఉంటుంది, తెల్లవారేసరికి కనీసం జివ్వుమనకుండా ఉంటుంది. మంచాల మీద పరుపులేసుకుని పడుకునే అమెరికా ఇంట్లో నేల వేడి ముందు గదిని, ఆ తర్వాతే మనిషిని చేరాలి. చాప మీద పడుకునేవాళ్లకి నేరుగా వీపుకే అందుతుంది. కొరియావాళ్లు కూడా నేల మీద పలచటి పరుపుతో పడుకునేవాళ్లే కదా. ఈ పద్ధతి పుట్టిందే అలాంటివాళ్ల కోసం!

కానీ బాయిలర్ విషయంలో ఒక్క తప్పు కూడా చేయకూడదు. కట్టెల బాయిలర్‌ని ఎప్పుడూ మూత బిగించి, వాల్వులు బిగించి పైపులకి కలపొద్దు. గ్యాస్ బాయిలర్ స్విచ్ ఆపితే మంట ఆగుతుంది. కట్టె ఆగదు. కరెంటు పోయి పంప్ ఆగిందనుకోండి, లోపల నీళ్లు మరుగుతూనే ఉంటాయి. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. దారి లేకపోతే అది బాయిలర్ కాదు, బాంబు. అందుకే బాయిలర్‌కి పైకి తెరిచి ఉన్న గొట్టం తప్పనిసరి, ఆ గొట్టానికి వాల్వ్ అనేదే ఉండకూడదు. బాయిలర్ వేడి ముందు ఒక పెద్ద టాంకులోకి చేరాలి, టాంకు నుంచి చిన్న పంప్ మిక్సింగ్ వాల్వ్ మీదుగా నేలలోకి తోడాలి. ఆ పంప్‌కి 30, 40 వాట్లు చాలు, చిన్న సోలార్ ప్యానెల్, బ్యాటరీ మీద నడుస్తుంది. మిక్సింగ్ వాల్వ్ మాత్రం ఖర్చని మానేయకూడదు. మరీ వేడి గచ్చు మీద గంటలకొద్దీ కదలకుండా పడుకుంటే చంటిపిల్లలకి, ముసలివాళ్లకి తెలియకుండానే చర్మం కాలుతుంది.

హాస్టల్ హాలు లెక్క వేరు

ఏజెన్సీలో చలి అంటే ముందుగా గుర్తుకు రావాల్సింది ఆశ్రమ పాఠశాలల పిల్లలు. మరి వాళ్ల హాలుకి ఇదే పద్ధతి పెడితే? 40 అడుగులు, 20 అడుగుల హాలుకి పైపు 500 మీటర్ల దాకా, అంటే ఆరు చుట్టలు. వేడి నాలుగున్నర కిలోవాట్లు. రాత్రంతా అంటే 36 యూనిట్లు, 100 లీటర్ల సోలార్ హీటర్లు డజను. ఒక ఇంటికి కుదిరింది ఇక్కడ భారమే.

కానీ ఆ హాల్లో 60 మంది పిల్లలు పడుకుంటారనుకుందాం. నిద్రలో ఒక్కో పిల్లాడి ఒళ్లు సుమారు 50 వాట్ల వేడి ఇస్తుంది. మొత్తం 3 కిలోవాట్లు. అంటే కావలసిన వేడిలో మూడింట రెండొంతులు అక్కడే ఉంది, రేకుల్లోంచి, గచ్చులోంచి పారిపోతోంది. రేకుల కింద రెండంగుళాల ఫోమ్‌తో ఒక సీలింగ్, గచ్చు మీద మంచాలో మందపాటి ఫోమ్ పరుపులో, తలుపు కింద సందు మూయడం, గాలి ఆడటానికి పైన వెంటిలేటర్లు మాత్రం తెరిచి ఉంచడం. హాస్టల్‌కి పైపుల కంటే ముందు ఇవి కావాలి. ఉన్న సోలార్ నీళ్లు పిల్లల స్నానాలకే వాడుకోవచ్చు. ఫోమ్ కొనేటప్పుడు మంట అంటుకోని రకమే కొనాలి, లేదా బోర్డుతో కప్పేయాలి.

ఇంటికీ ఇదే వరుస వర్తిస్తుంది. కప్పు నుంచి వేడి పోతుంటే నేల కింద ఎన్ని పైపులు వేసినా ఆకాశాన్ని వేడి చేస్తున్నట్టే. నేల కింద ఫోమ్ లేకపోతే కొండని వేడి చేస్తున్నట్టు!

ఇదంతా ఆలోచించడానికి మంచి సమయం గచ్చు పోయకముందే. ఉన్న గచ్చు పగలగొట్టి చేయాలంటే ఖర్చు, లేదా నేల మూడంగుళాలు లేచి తలుపులు కోయించాలి. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద దేశం మొత్తం మీద 4.9 లక్షల పక్కా ఇళ్లు ఆదిమ గిరిజన కుటుంబాల కోసమని పెట్టుకున్నారు. మన జిల్లాలో పోర్జా, గదబ, కోందు తెగల్లో కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి. అలాంటి ఇంటికి గచ్చు పోసే రోజున కింద ఫోమ్ షీట్ వేసి, ఒక చుట్ట పైపు పరిచి రెండు కొసలూ గోడ దగ్గర పైకి వదిలేస్తే చాలు. బాయిలరో సోలారో డబ్బు కూడాక కలుపుకోవచ్చు. కలపకపోయినా, కింద ఫోమ్ ఉన్న గచ్చు లేని గచ్చు కంటే తక్కువ చల్లగానే ఉంటుంది.

మేస్త్రితో చెప్పాల్సినవి రెండు. కాంక్రీట్ పోసేటప్పుడు పైపు ఖాళీగా ఉండకూడదు, నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి గేజ్ బిగించాలి. పార తగిలి చిల్లు పడితే ముల్లు పడిపోయి అప్పుడే తెలిసిపోతుంది. రెండోది మీ ఫోన్ పని. కాంక్రీట్ పోయకముందు పైపుల మీద టేపు పెట్టి, గోడ నుంచి ఎన్ని అంగుళాల్లో ఏ వరుస ఉందో కనిపించేలా నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీయండి, ఇంట్లో అందరికీ వాట్సాప్ చేయండి. ఐదేళ్ల తర్వాత ఎవరో మిషన్ బిగించడానికి డ్రిల్లు పట్టుకుని వస్తారు, అప్పుడు ఆ ఫొటో ఉండాలి.